కచేరీలో మేకైన పిట్ట

వికారాబాద్ స్టేషన్‌లో తాండూరు బండి కోసం నిలబడి ఉంటే ఒకప్పుడు నాకు తన ఇంట్లో చోటిచ్చిన ఆమె చిన్న కొడుకు వెనక నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "అవ్వ పోయింది సారూ" అన్నాడు. పొద్దున చిన్నాయనతో గట్టిగా కొట్లాడిందట. కొట్లాడి, రొట్టె తిని, గొంగడి మీద ఒరిగిందట. మళ్లీ లేవలేదట. కొట్లాట దేనికని నేను అడగలేదు. దున్నకుండా పడావు పెట్టిన గడ్డి చెలక కోసమే అయి ఉంటుంది. దాన్ని దున్ని కంది వేద్దామని మరిది, నాగలి దింపితే కాళ్లు విరగ్గొడతానని ఆమె. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో వేరే కొట్లాట లేదు.

తక్లీఫ్ లేకుండా పోయిందని చెప్పి వాడు నన్ను ఓదార్చబోయాడు. నాకు ఓదార్పు అక్కర్లేకపోయింది. నాకు వచ్చింది ఏడుపు కాదు, కోపం. బండెక్కి కూర్చున్నా తగ్గలేదు. ఒక పిట్టను చంపి, ఆ పిట్ట కోసం నోరు చేసుకున్న మనిషిని పిచ్చిదని నవ్వి, ఆ నవ్వు కూడా మరిచిపోయి హాయిగా తిరుగుతున్నవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లలో ఒకాయనకు ఈ మధ్యనే పూలదండ వేసి సన్మానం చేశారు. ఆ కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను. ఆమె పేరు మాత్రం రాయను. ఒక పేరు కాగితం మీదికి ఎక్కితే ఏమవుతుందో ఆమె చూసినట్టు ఇంకెవరూ చూసి ఉండరు.

జాగీర్లు రద్దయిన కొత్తలో బంట్వారం దిక్కు ఒక పల్లెలో బడి పెట్టి నన్ను పంపారు. బడికి కప్పు లేదు, నాకు ఇల్లు లేదు. ఊళ్లో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే ఆమె వచ్చి నా ట్రంకుపెట్టె తన నెత్తిన పెట్టుకుని నడిచింది. కురుమల ఇల్లు. భర్త పోయి చాలా కాలమైంది. కొడుకులిద్దరూ మంద వెంట తిరిగేవాళ్లు. మరిది వ్యవసాయం చూసేవాడు. ఇంటి ముందరి అర్ర నాకిచ్చారు. గొర్రెల వాసన, పొగాకు వాసన, ఆమె అరుపులు, ఈ మూడింటి మధ్యా నేను మూడో తరగతి లెక్కలు దిద్దుకునేవాడిని.

ఆమెకు మెల్లగా మాట్లాడటం రాదు. ఉప్పు కావాలన్నా చెలక అవతలి గట్టున ఉన్నవాడికి వినిపించేట్టే అడిగేది. కోపం వస్తే ముందు కొంగు బిగించి నడుముకు దోపేది, తర్వాత రెండు పిడికిళ్లూ నడుము మీద ఆనించేది, ఆ తర్వాత ఒక్కటే మాట. "ఎవనయ్య జాగీరనుకున్నవ్ రా?" ఆ మాట మనుషులకే కాదు. ఎండబెట్టిన జొన్నల మీద వాలిన పిచ్చుకలకు అదే మాట. దారికడ్డం పడుకున్న బర్రెకు అదే మాట. ఆలస్యంగా వచ్చిన రైలునైతే ఇంజన్ నుంచి గార్డు పెట్టె దాకా తిట్టేది. జాగీరున్నప్పుడు దొర గడి ముందు నుంచి చెప్పులు చేతబట్టుకుని నడిచిన మనిషి. జాగీరు పోయిందని చాటింపు వేసిన రోజు నుంచి ఎవరినీ దొర అని పిలవలేదు. ఒకసారి పట్వారీ వచ్చి అడగకుండా ఆమె నులక మంచం మీద కూర్చున్నాడు. ఆమె చేటలో జొన్నలు చెరుగుతూనే, "జాగీరు పోయింది గని గీ కూసునుడు పోలె" అంది. ఆయన లేచి నిలబడ్డాడు.

ఇట్లాంటి మనిషికి ఒక పిట్ట అంటే ప్రాణం. అది బట్టమేక పిట్ట. పేరులో మేక ఉంది కానీ దానికీ మేకకూ ఏ సంబంధమూ లేదు. మనిషి నడుము దాకా వచ్చే ఎత్తు, తెల్లని పొడుగాటి మెడ, నెత్తిన నల్లటి టోపీ పెట్టినట్టు ఒక మచ్చ, నేల రంగు వీపు. ఎగరగలదు గానీ అంత బరువును లేపడం దానికి తేలిక కాదు. కాబట్టి నడుస్తుంది. ముక్కు కొంచెం పైకెత్తి, ఎటూ చూడకుండా, తొందరలేకుండా నడుస్తుంది. నాకు మొదటిసారి చూపించినప్పుడు ఆమె నా భుజం పట్టి గడ్డిలో కూర్చోబెట్టి చెవిలో గుసగుసలాడింది. ఆమె గుసగుస విన్న మనిషిని బహుశా నేనొక్కడినే.

"మా అత్త లెక్క నడుస్తది సూడు పంతులు. భూమ్మీద తానొక్కతే ఉన్నట్టు."

ఆ అత్త ఆమెను ఎంత రాచి రంపాన పెట్టిందో ఊరంతా చెప్పగా విన్నాను. మరి అత్తలాంటి పిట్ట మీద ఇంత ప్రేమ ఎందుకని అడిగాను. అత్త మాటలనేదట, ఇది అనదట. అంతకంటే కారణం ఆమె ఎప్పుడూ చెప్పలేదు. పిట్ట గురించి ఆమె చెప్పినవాటిలో సగం కల్పితాలే. అది నీళ్లు తాగదనీ మంచు మాత్రమే నాకుతుందనీ అనేది. అబద్ధమాడే మనిషి ఉన్న ఊళ్లో అది గుడ్డు పెట్టదట. అట్లయితే మన ఊళ్లో పట్వారీ ఉండగా ఎట్లా పెడుతోందని అడిగితే రెండు రోజులు నాకు కూరలో కారం ఎక్కువైంది.

ఒక్కటి మాత్రం ఆమె చెప్పింది నిజం. అది ఒక్కటే గుడ్డు పెడుతుంది. గూడు కట్టదు. ఉత్త నేల మీద, గడ్డి మధ్య, ఆకాశం కింద పెట్టి దాని మీద కూర్చుంటుంది. మంద అటు పోతే గుడ్డు పోయినట్టే. నాగలి పోతే గుడ్డే కాదు, గుడ్డు పెట్టే చోటే పోయినట్టు. అందుకని ఆమె ఆ గడ్డి చెలకను పడావు పెట్టింది. తొలకరికి ముందు నుంచి చలి మొదలయ్యేదాకా మందను కూడా అటు రానిచ్చేది కాదు. కొడుకులు చుట్టుదారిన తోలుకుపోతూ గొణిగేవాళ్లు. మరిదికైతే ఆ చెలకను చూసినప్పుడల్లా కడుపు మండేది. తాండూరు బజారులో కందులకు అంత గిరాకీ ఉండగా కంది పండే నేలను పిట్టలకు వదిలేసే ఇల్లు ఎక్కడైనా ఉందా అని వచ్చినవాళ్లందరినీ అడిగేవాడు. నన్ను కూడా అడిగాడు. అతను చెడ్డవాడు కాదు. ఆకలి తెలిసిన రైతు. అతని మీద నాకు కోపం లేదు.

తొలకరి ముందు రోజుల్లో ఒకసారి ఆమె నాకు పోతు ఆట చూపించింది. మగ పిట్టను ఆమె పోతు అనేది, ఆడదాన్ని పెంటి అనేది. కొంచెం మెరకగా ఉన్నచోట పోతు నిలబడి తోక వీపు మీదికి విరుచుకుంది. గొంతు కింద తెల్లటి సంచి ఉబ్బి ఉబ్బి దాదాపు మోకాళ్ల దాకా వేలాడింది. లోపలి నుంచి ఒక ఊఁకారం వచ్చింది. చెవికి వినిపించేకంటే ఛాతీకి తగిలే చప్పుడు అది. పెంటి దూరంగా పురుగులేరుకుంటూ తనకేమీ పట్టనట్టు తిరుగుతోంది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పటేలుకు కోపమొస్తే అచ్చం ఇట్లాగే ఉబ్బుతాడంది. పిల్ల పెరిగి అట్లా ఆడే పోతయ్యేసరికి ఎన్నో ఎండాకాలాలు బతికి రావాలని, తన చిన్నప్పుడు ఈ బయలులో చాలా ఉండేవని, ఇప్పుడు తనకు తెలిసి ఈ పోతొక్కటే మిగిలిందని చెప్పింది. ఆ మాట అప్పుడు నాకు అంత బరువుగా తోచలేదు. కొత్త ఉద్యోగం, కుర్రతనం.

మరుసటి ఏడు వాన ఇంకా పడకముందు జీపు వచ్చింది.

పెద్ద జాగీర్దార్లు వేటాడిన కాలంలో కూడా ఈ పిట్టను కొట్టడం అంత తేలిక కాదు. నడిచి వచ్చే మనిషిని అది మైలు దూరం నుంచే కనిపెడుతుంది. కానీ బండిని చూసి భయపడదు. ఎడ్లబండి ఎప్పుడూ దానికి చెడు చేయలేదు కదా. జీపును కూడా అది అట్లాంటి బండే అనుకుంది. తాండూరులో బండల గనులు పట్టిన కంట్రాక్టరు ఒకాయన నగరం నుంచి వచ్చిన ఇద్దరు అతిథులకు వినోదం చూపిద్దామని తీసుకొచ్చాడు. పొద్దున్నే చప్పుడు విని ఆమె పరిగెత్తింది, ఆమె వెనక నేను. మేం పోయేసరికి పోతు మెరక మీద సంచి వేలాడేసుకుని నిలబడే ఉంది. దాని ధ్యాస దానిది. అతిథుల్లో ఒకడు జీపులోంచి దిగను కూడా లేదు. కూర్చున్నచోటి నుంచే కాల్చాడు. దాన్ని వేట అంటారట.

పిట్టను ఇద్దరు కలిసి లేపి జీపు వెనక వేశారు. ఒక రెక్క బయటికి వేలాడి నేలకు రాసుకుంటోంది. ఆమె వచ్చి జీపు ముందు నిలబడింది. కొంగు దోపలేదు, పిడికిళ్లు నడుము మీద పెట్టలేదు. కర్ర అడ్డం పట్టుకుంది. అతిథుల్లో ఒకాయన ఆమె వాటా అడగడానికి వచ్చిందనుకున్నాడు. ముసల్దానికి ఒక కాలు కోసివ్వండని ఉర్దూలో చెప్పాడు. అది ఆయన మంచితనం. ఆ మంచితనం తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

ఆమె తన మాట తాను అంది, ఇది ఎవడయ్య జాగీరనుకున్నారని. కంట్రాక్టరు దానికి నవ్వాడు.

"జాగీర్లు పోయినయ్ గద అవ్వా. గిదంత ఇప్పుడు ఎవ్వనిది గాదు."

"ఎవ్వనిది గాకపోతె ఎవడన్న సంపొచ్చునా?"

వాళ్లు జీపును ఆమె పక్క నుంచి తిప్పుకుని పోయారు. గడ్డిలో టైరు గుర్తుల మధ్య తెల్లటి ఈకలు పడి ఉన్నాయి. అవి ఏరుతుందేమో అనుకున్నాను. ఏరలేదు. తిన్నగా ఇంటికి వచ్చి, ఉతికిన చీర కట్టుకుని, రొట్టె మూట కట్టుకుని వికారాబాద్ కచేరీకి, అంటే తాసిల్దారు ఆఫీసుకు బయలుదేరింది. నాకు ఆ రోజు బడి తనిఖీ. రానన్నాను. నువ్వెందుకు, నాకు నోరు లేదా అంది.

నోరు ఉంది. అదే కొంప ముంచింది. కచేరీలో అప్పటికి ఇంకా కాగితాలన్నీ ఉర్దూలోనే నడిచేవి. అరుగు మీద కూర్చుని అర్జీలు రాసే ఆయనకు తెలుగు వచ్చుగానీ బజారు బేరానికి సరిపడేంతే. ఆమె ఏం చెప్పిందో, ఆయన ఏం అడిగాడో వచ్చాక ఆమే అంతా అభినయించి చూపించింది. ఏం పోయిందన్నాడు. బట్టమేకను సంపిర్రు అంది. ఆయనకు మేక వినిపించింది. పోతా, పెంటా అన్నాడు. పోతు అంది. ఏం రంగన్నాడు. వీపు మట్టి రంగు, మెడ తెలుపు అంది. ఎక్కడ మేస్తుందన్నాడు. నా చెలకలనే అంది. మంచి కండగలదా అన్నాడు. దానికంటె కండ దేనికున్నదని ఏడ్చింది. ఆయన కూడా పాపం అని తలాడించి, కంట్రాక్టరు జీపులో వచ్చి ఒక పోతు మేకను కాల్చుకుపోయాడని అందమైన ఉర్దూలో రాసి వేలిముద్ర వేయించుకున్నాడు. ఒక్క ప్రశ్న కూడా తప్పు అడగలేదు. ఒక్క జవాబు కూడా తప్పు చెప్పలేదు. పిట్ట మేకైపోయింది.

ఆమెకు సంగతి తెలియదు. సర్కారు తన గోడు విన్నదని ఊరంతా చెప్పుకుంది. కొత్త సర్కారు మంచిదని కూడా అంది. ఒక సర్కారును ఆమె మెచ్చుకోవడం నేను విన్నది ఆ నాలుగు రోజులే. తర్వాత ఒక మధ్యాహ్నం కంట్రాక్టరు మనిషి ఒక మేకపోతును తాడు కట్టి పట్టుకొచ్చాడు. మట్టి రంగు వీపు, తెల్లటి మెడ. అర్జీలో రాసినట్టే వెతికి తెచ్చాడు. కచేరీ నుంచి మాట వచ్చిందని, మేకకు మేక ఇస్తున్నామని, ఇక గొడవ వద్దని చెప్పి గుంజకు కట్టేసి పోయాడు.

ఊరు ఎంత నవ్విందో నేను చెప్పలేను. మరిది కూడా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే ఆమె ముఖం చూస్తున్నాను. ఆమె చాలాసేపు ఆ మేకను చూసింది. దానికి నీళ్లు పెట్టింది. దాని తప్పేముందని తనలో తాను అనుకుంది. మర్నాడు తాడు పట్టుకుని తాండూరు దాకా నడిచి రైలెక్కింది. ఈసారి నేనూ వెంట వెళ్లాను.

పెట్టెలో టికెట్ కలెక్టరు మేకకు టికెట్ అడిగాడు. ఆమె లేచి నిలబడి కొంగు దోపింది.

"గిది మేక గాదు, పిట్ట. కచేరీల పిట్ట మేకయితె రైల్ల మేక పిట్ట గాదా?"

ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెట్టెలో ఉన్నవాళ్లకూ అర్థం కాలేదు. అయినా అందరూ ఆమె పక్షమే మాట్లాడారు. ఆ గొంతుతో మాట్లాడే మనిషి తప్పు చెప్పదని వాళ్ల నమ్మకం. కలెక్టరు తల గోక్కుంటూ పక్క పెట్టెకు పోయాడు.

తాసిల్దారు వయసులో చిన్నవాడు, హైదరాబాద్ మనిషి. అర్జీ తెప్పించి చదివాడు. మేక పోయిందన్నావు, మేక వచ్చింది, ఇంకా ఏం కావాలన్నాడు. ఆమె బట్టమేక అంది. ఆయన అదే కదా అన్నాడు. మేక కాదు పిట్ట అని నేను కల్పించుకుని చేతులతో ఎత్తు చూపించాను. ఆయన నన్ను కూడా అనుమానంగా చూశాడు. చివరికి తలుపు దగ్గర నిలబడ్డ ముసలి జవాను నెమ్మదిగా, "తుగ్దార్, హుజూర్" అని ఆ పిట్ట ఉర్దూ పేరు చెప్పాడు. తాసిల్దారు ముఖం వెలిగిపోయింది. కుర్చీలో ముందుకు వంగాడు. మీ దిక్కు ఇంకా ఉన్నాయా అన్నాడు. ఆ మాంసం మస్తుంటుందని వాళ్ల తాత చెప్పేవాడట. తనకు ఇప్పటిదాకా నసీబు కుదరలేదట.

న్యాయం అడగడానికి పోయినచోట విన్న మాట అది. ఆ గదిలో నాకు నోరు పెగల్లేదు. ఇప్పుడు పెగులుతోంది. అయ్యా, ఊళ్లో కోళ్లున్నాయి, గొర్రెలున్నాయి. అవి కావాలంటే మళ్లీ పుడతాయి, పెంచడానికి మనుషులున్నారు. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పిట్ట, ఆ గుడ్డును కూడా నక్కలకూ కాకులకూ పశువుల గిట్టలకూ వదిలి మిగిలింది పెంచుకునే పిట్ట, దాన్ని ఒక పూట కూరకు చంపితే ఆ బయలు నిండటానికి ఎన్ని తరాలు పడుతుందో మీ తాత చెప్పలేదా?

తాసిల్దారు దుర్మార్గుడు కాదు. ఓపిగ్గానే వివరించాడు. మేకకు మాలిక్ అనే సొంతదారు ఉంటాడు, మాలిక్‌కు నుక్సాన్ అయితే కేసు ఉంటుంది. ఈ పిట్టకు మాలిక్ ఎవరు? ఏ కాయిదా, ఏ చట్టం కింద రాయాలో తనకు తెలియదన్నాడు. ఆ గడ్డి నేల సంగతి కూడా చూసి చెప్పాడు. దస్త్రంలో అది ఖరాబు. దున్ననిదంతా సర్కారు లెక్కలో ఖరాబే. పిట్ట బతికే నేలకు సర్కారు పెట్టిన పేరు అది. చెడిపోయింది అని. ఎవరు చెడగొట్టారట? గడ్డి మొలిస్తే చెడిపోయినట్టు, బండలు తవ్వి గుంతలు చేస్తే బాగుపడ్డట్టు.

పేర్లు ఆ పిట్టకు పట్టిన శని. చాలా ఏళ్ల తర్వాత, దేశానికంతా ఒక పక్షిని ఎంచుకునే మాట వచ్చినప్పుడు ఈ పిట్ట పేరు కూడా అనుకున్నారట. ఇంగ్లీషులో దాని పేరు ఒక్క అక్షరం పొరపాటైతే తిట్టు అవుతుందని భయపడి వదిలేశారని చదువుకున్న మిత్రుడొకడు నవ్వుతూ చెప్పాడు. అది నిజమో కాదో నాకు తెలియదు. నేను మాత్రం వాడితో కొన్నాళ్లు మాట్లాడలేదు.

ఆమె తాసిల్దారు బల్ల ముందు కింద కూర్చుని ఆలోచించింది. ఆ తర్వాత అన్న మాట నేను బతికినన్నాళ్లు మరిచిపోను.

"గట్లయితె రాసింది రాసినట్టే ఉండని. గది నా మేకనే. దాని పెంటి ఇంక నా చెలకల ఉన్నది. గది గూడ నా మేకనే అని రాయి. రేపు దాన్ని కాలిస్తె కేసయితదా, గాదా?"

తాసిల్దారు నవ్వాడు. గుమాస్తాలు నవ్వారు. అయితదన్నాడు. సరదాకి రాయమని చెప్పాడు కూడా. ఫలానా చెలకలో మేసే ఒక పెంటి మేక ఫలానా ఆమెది, మేపుకోవడానికే ఆ నేల వదిలింది అని రాశారు. వాళ్లకది ఆ మధ్యాహ్నానికి వినోదం. ఆమె వేలిముద్ర వేసి లేచింది. తెచ్చిన మేకను కచేరీ గుంజకే కట్టేసి, ఇది మీదని చెప్పి వచ్చేసింది.

ఆ తర్వాత ఆమె చెలక గట్టున కాపురం పెట్టినంత పని చేసింది. జీపులు మళ్లీ వచ్చాయి. కర్ర అడ్డం పెట్టి, నా మేక, కచేరీల రాసున్నది, కాలిస్తే కేసవుతుందని అరిచేది. వచ్చినవాళ్లు ఆమెకు మతి పోయిందనుకునేవాళ్లు. పిట్టను చూపించి మేక అంటుందేమిటని పడిపడి నవ్వేవాళ్లు. నవ్వినా సరే, కచేరీ మాట వినేసరికి ఎందుకొచ్చిన పరేషానని బండి తిప్పుకునేవాళ్లు. నిజం చెప్తే చంపినవాళ్లు అబద్ధానికి భయపడ్డారు. మరిది నాగలి తీసినప్పుడు కూడా ఆ కాగితమే అడ్డం పడింది. ఊళ్లో పిల్లలు ఆమెను చూసి మే మే అని అరిచేవాళ్లు. వాళ్లలో నా బడి పిల్లలూ ఉన్నారు. నేను చెవులు మెలిపెడితే ఆమే వద్దంది. అనుకోనీ అంది.

ఇంత చేసి కాపాడిన పెంటి ఆ ఏడు తొలకరికి గుడ్డు పెట్టింది. ఆమె ఆనందం పట్టలేక ఊరికి బెల్లం పంచింది. పిట్ట కూర్చుంది, కూర్చుంది. పిల్ల రాలేదు. గుడ్డు మురిగిపోయింది. వచ్చే ఏడు మళ్లీ పెట్టింది. మళ్లీ మురిగింది. మూడో ఏడు కూడా అంతే. మేకలను, గొర్రెలను ఈనించి ముసలిదైన మనిషికి పోతు లేని గుడ్డు సంగతి తెలియక కాదు. తెలిసీ ఆ మాట నోటితో అనలేదు. నేను కూడా అనలేదు. చివరికి ఒకరోజు ఆమే వికారాబాద్ పోయి వస్తానంది. కచేరీల మేకనిచ్చిర్రు గద, గిప్పుడు పోతు నియ్యమని అడుగుత అంది.

పాత తాసిల్దారు బదిలీ అయిపోయాడు. కొత్త గుమాస్తా దస్త్రం తిరగేశాడు. ఫలానా ఆమె పెంటి మేక చూడి కట్టడం లేదని ఫిర్యాదు, అంతే కదా అన్నాడు. ఇది కచేరీ పని కాదు, పశువుల దవాఖానకు తోలుకుపో, అక్కడ మంచి జాతి పోతు ఉందన్నాడు. చాలా మర్యాదగా చెప్పాడు. దారి కూడా చూపించాడు.

ఆమె తిట్టలేదు. నేను పక్కనే ఉన్నాను, కొంగు దోపడానికి చెయ్యి కూడా కదలలేదు. తిరుగు బండెక్కి తాండూరులో దిగాం. నాకు భయం వేసింది.

మర్నాడు తెల్లవారగానే చెలకలోకి పోయింది. నేను గట్టు మీద నిలబడ్డాను. పెంటి మురిగిన గుడ్డు మీద కూర్చుని ఉంది. ఆమె మట్టిగడ్డ తీసి విసిరింది. పిట్ట లేచి నాలుగు అడుగులు పోయి మళ్లీ వచ్చి కూర్చుంది. ఆమె ఇంకో గడ్డ విసిరింది. దాన్ని, దాని తల్లిని, దాని జాతిని, పుట్టిన గడియను తిట్టింది. ఆమె ఎవరినీ అట్లా తిట్టగా నేను వినలేదు. చంపినవాళ్లను కూడా అట్లా తిట్టలేదు. దగ్గరికి పోయి కర్రతో నేల కొట్టింది. పిట్ట పక్కకు జరిగింది. ఆమె ఆ గుడ్డు తీసి ఒళ్లో వేసుకుంది. పిట్ట కాసేపు ఆ ఖాళీ చోటు చుట్టూ తిరిగింది. ఆ తర్వాత పరిగెత్తి, బరువుగా లేచి, పడమటి దిక్కుకు పోయింది. ఆ దిక్కున కన్నడం మాట్లాడే ఊళ్లు, వాటి అవతల ఇంకా గడ్డి బయళ్లు.

అది మళ్లీ రాలేదు. అయినా ఆమె చెలక దున్ననివ్వలేదు. రేపు వస్తే ఎక్కడ కూర్చుంటుందని మరిదిని అడిగేది. 

పిట్ట పోయిన ఆ పొద్దున ఆమె గట్టెక్కి వచ్చి నా పక్కన కూలబడింది. ఒళ్లో మురిగిన గుడ్డు వాసన వస్తోంది. పడమటి దిక్కే చూస్తూ మాట్లాడింది.

"ఏడనో ఒక పోతుంటది పంతులు. ఎతుక్కుంట పోతె దొరుకుతది. దొరకదని మాత్రం నాకు సెప్పకు."

ఆ ఎండాకాలమే సరిహద్దు అవతలి ఊళ్లలో కూడా జీపులు తిరిగాయి. తాండూరు బజారులో కంట్రాక్టరు స్నేహితులు అక్కడ కొట్టిన పోతుల గురించి గొప్పలు చెప్పుకోవడం నేను చెవులారా విన్నాను. ఆమెకు చెప్పలేదు.